నది ఒడ్డున టూరిస్టు కట్టడం: మన పన్ను డబ్బు ఎక్కడిదాకా?

ఏటిగట్టు

అందరికీ నమస్కారం. కొన్ని నెలలుగా నన్ను వదలని ప్రశ్న ఒకటి ఇక్కడ పెడుతున్నాను. నగరం నడిబొడ్డున నది. దాని గట్టున పాడుబడిన గోదాములు, ఎవరూ వాడని ఖాళీ స్థలం. అక్కడ టూరిస్టులు వచ్చేలా పెద్దది ఏదైనా కడదాం అంటారు. జెయింట్ వీల్, అక్వేరియం, గాజు వంతెన, ఎత్తయిన టవర్, ఏదో ఒకటి. ఖర్చులో పెద్ద వాటా ప్రభుత్వం పెట్టాలి, నడిపేది ప్రైవేటు కంపెనీ. ఏటా ఇన్ని లక్షల మంది వస్తారు, ఇన్ని ఉద్యోగాలు వస్తాయి, ఇన్నేళ్లలో పెట్టుబడి తిరిగొస్తుంది అంటూ రంగుల బొమ్మలతో ఒక రిపోర్టు.

అలాంటి రిపోర్టులు ఈ మధ్య చాలా చదివాను. ఊరి పేరు తీసేస్తే ఏది ఎక్కడిదో గుర్తుపట్టలేం. నది ఒడ్డు బాగుపడాలని నాకూ ఉంది. కానీ ప్రజాధనం ఎక్కడిదాకా పెట్టొచ్చు, ఎక్కడ ఆపాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

లెక్కచూద్దాం

మొదట్లోనే ఆపాలి అంటాను నేను. లండన్‌లో గార్డెన్ బ్రిడ్జ్ సంగతే తీసుకోండి. థేమ్స్ మీద చెట్లూ మొక్కలతో ఒక నడక వంతెన. దాతల డబ్బుతోనే అయిపోతుందని మొదలైన మాట చివరికి 6 కోట్ల పౌండ్ల ప్రజాధనం కేటాయించేదాకా వచ్చింది. మొత్తం అంచనా 20 కోట్ల పౌండ్ల దాకా వెళ్లింది. 2017 ఏప్రిల్‌లో మేయర్ సాదిక్ ఖాన్, ఏటా అయ్యే నిర్వహణ ఖర్చుకు నగరం తరఫున హామీ ఇవ్వనని చెప్పేశారు. ఆగస్టుకల్లా ప్రాజెక్టు మూతపడింది. అప్పటికే ఖర్చయిపోయింది సుమారు 5.3 కోట్ల పౌండ్లు. అందులో 4.3 కోట్లు ప్రజలవి. నదిలో ఒక్క స్తంభం కూడా లేవలేదు.

వంతెన లేదు, డబ్బు లేదు. ఇంతకంటే వేరే ఉదాహరణ కావాలా?

నడకదారి

ఒక్క వంతెన ఆగిపోయిందని నదుల ఒడ్డున ఏమీ కట్టొద్దంటే ఎలా అండి? అమెరికాలో శాన్ ఆంటోనియో నగరం చూడండి. 1921లో అక్కడ పెద్ద వరద వచ్చి 50 మంది దాకా చనిపోయారు. ఆ తర్వాత నగరం మధ్యలో నది తిరిగే వంపును కప్పేసి మురుగు కాలువగా మార్చేద్దాం అన్నారు. స్థానికులు ఒప్పుకోలేదు. 1929లో రాబర్ట్ హగ్‌మన్ అనే ఆర్కిటెక్ట్ ఆ వంపు పొడవునా నడక దారి, చిన్న వంతెనలు, మెట్లు ఉండేలా ప్లాన్ గీశాడు. పదేళ్లు అది కాగితం మీదే ఉండిపోయింది. మాంద్యం రోజుల్లో పని కల్పించడానికి పెట్టిన ప్రభుత్వ కార్యక్రమం, డబ్ల్యూపీఏ అంటారు, దాని కింద 1939 నుంచి 1941 మధ్య కట్టారు. ఒడ్డున ఆస్తులున్నవాళ్లు కూడా పన్ను రూపంలో తమ వంతు వేసుకున్నారు.

అంతా ప్రజాధనమే. ఇప్పటికీ ఎవరైనా ఉచితంగా నడవచ్చు. ఆ నగరానికి వచ్చే టూరిస్టులు చూడాలనుకునేవాటిలో ముందుండేది ఆ నడక దారే. ప్రభుత్వం డబ్బు పెట్టకపోతే అక్కడ ఇవాళ మూత వేసిన కాలువ ఉండేది.

లెక్కచూద్దాం

మీరు చెప్పింది నిజమే. కానీ ఒక సంగతి గమనించారా? అది వరద పనితో మొదలైంది. ముందు ఎగువన ఆనకట్ట కట్టారు, నీరు పక్కకి మళ్లేలా అడ్డకాలువ తవ్వారు, ఆ తర్వాతే నడక దారి. పైగా కట్టిన వెంటనే జనం ఎగబడలేదు. 1968లో అక్కడ వరల్డ్ ఫెయిర్ జరిగేదాకా బాగా నెమ్మదిగానే ఉంది. అంటే పాతికేళ్లకు పైగా ఓపిక పట్టారు. ఇప్పటి రిపోర్టులు మూడో ఏటికే లాభం అని రాస్తున్నాయి.

నీలిరేఖ

కాలేజీలో అర్థశాస్త్రం చెబుతాను. ఈ రిపోర్టుల్లో నాకు అన్నిటికంటే బాధ కలిగించేది "ఆర్థిక ప్రభావం" అనే పేజీ.

ఒక కుటుంబం నెలలో సరదాకి కొంత డబ్బు పక్కన పెట్టుకుంటుంది అనుకోండి. కొత్త జెయింట్ వీల్ వచ్చిందని ఆ కుటుంబం సరదా బడ్జెట్ పెరగదు. ఇన్నాళ్లూ సినిమాకో, ఊళ్లోనే ఇంకో చోట భోజనానికో పెట్టిన డబ్బు ఇప్పుడు నది ఒడ్డుకు వెళ్తుంది. నగరం మొత్తానికి చూస్తే కొత్తగా వచ్చిందేమీ లేదు, ఒక వీధి నుంచి ఇంకో వీధికి మారింది అంతే. స్టేడియాల మీద ఆర్థికవేత్తలు దశాబ్దాలుగా చేసిన అధ్యయనాల్లో మళ్లీ మళ్లీ తేలింది ఇదే. బయటి ఊరి నుంచి దీనికోసమే వచ్చి, రాత్రి ఉండి, డబ్బు ఖర్చు పెట్టి వెళ్లినవాళ్లదే కొత్త ఆదాయం. వేరే పని మీద వచ్చి, ఎలాగూ వచ్చాం కదా అని చూసి వెళ్లినవాళ్లను కూడా లెక్కలో కలిపేస్తే అంకె ఉబ్బిపోతుంది.

కాబట్టి రిపోర్టు చేతికొస్తే ముందు ఇది అడగండి: ఈ లక్షల మందిలో స్థానికులు ఎంత, బయటివాళ్లు ఎంత, బయటివాళ్లలో దీనికోసమే వచ్చేవాళ్లు ఎంత? ఈ మూడు అంకెలు విడివిడిగా లేకపోతే ఆ పేజీ మీద ఆధారపడి ఒక్క రూపాయి కూడా కేటాయించకూడదు.

ఉషోదయం

నీలిరేఖ గారూ, నేను హోటల్ రిసెప్షన్‌లో చాలా ఏళ్లు పనిచేశాను. మీ మాటకు నా అనుభవం కొంత కలుపుతాను. "ఇక్కడ చూడ్డానికి ఏమున్నాయి?" అని రోజూ అడిగేవాళ్లు. చెప్పడానికి రెండు మూడు చోట్లే ఉంటే మరుసటి రోజు పొద్దున్నే గది ఖాళీ చేసేవాళ్లు. సాయంత్రం పూట కుటుంబంతో నడవడానికి ఒక మంచి ఒడ్డు ఉంటే ఇంకో రాత్రి ఉండేవాళ్లు. ఆ ఒక్క రాత్రి మీద వంటవాళ్లు, గదులు సర్దేవాళ్లు, ఆటో డ్రైవర్లు బతుకుతారు. కాబట్టి అంతా వీధి మార్పిడే అనడం నాకు ఒప్పుకోబుద్ధి కావట్లేదు.

అయితే వాళ్లు ఎక్కువసార్లు అడిగింది ఖరీదైన టికెట్ ఉన్న చోటు గురించి కాదు. నీళ్ల పక్కన కూర్చోడానికి చోటు ఉందా, పిల్లలు పరిగెత్తొచ్చా, రాత్రి తొమ్మిదికి ఆడవాళ్లు భయం లేకుండా నడవచ్చా, శుభ్రమైన బాత్‌రూమ్ ఉందా. ఇవే.

నీలిరేఖ

ఉషోదయం గారూ, మీ అనుభవం ముందు నేను సర్దుకోవాలి. ఆ అదనపు రాత్రి నిజమైన కొత్త ఆదాయమే. నేను వద్దన్నది దాన్ని లెక్కపెట్టకుండా ఊహించి రాయడం.

పాత ఇంజినీరు

ఆలస్యంగా వచ్చాను, క్షమించండి. నది ఒడ్డు పార్కు ఒకదాని నిర్వహణ చాలా ఏళ్లు చూశాను. ఇప్పటిదాకా ఎవరూ నీళ్ల గురించి పెద్దగా మాట్లాడలేదు కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను.

బొమ్మలో నది ఎప్పుడూ నీలంగా, నిండుగా, కదలకుండా ఉంటుంది. అసలు నది అలా ఉండదు. వేసవిలో ఎండుతుంది, వానల్లో ఎగదన్నుతుంది. ఒక్క వరద వచ్చి వెళ్లిందంటే నడక దారి మీద మోకాలి లోతు ఒండ్రు. అది ఆరితే రాయిలా గట్టిపడుతుంది, తడిగా ఉన్నప్పుడే ఎత్తేయాలి. కింది మెట్ల దగ్గర పెట్టిన లైట్లు, మోటార్లు, ప్యానెల్ బోర్డులు నీళ్లలో మునిగితే మార్చడమే. మేం ఒక ఏడాది మోటార్లు బాగు చేయించి, మళ్లీ ఏడాది వాటినే కొత్తవి కొన్నాం. ప్రారంభోత్సవం రోజున వెలిగిన ఫౌంటెన్ రెండేళ్లకు ఆగిపోయింది. విడిభాగాలు తయారు చేసే కంపెనీ ఆ మోడల్ ఆపేసింది. కట్టడానికి నిధులు వచ్చాయి, నడపడానికి పద్దు మాత్రం ఎవరూ పెట్టలేదు. జనం వచ్చి "ఇంత డబ్బు పోసి కట్టి ఇలా వదిలేశారేంటి" అని మమ్మల్ని అడిగితే తల వంచుకునేవాళ్లం. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

సియోల్‌లో చోంగ్‌గ్యేచోన్ వాగు గురించి అందరూ గొప్పగా చెబుతారు. గొప్పదే. పైన ఉన్న ఎలివేటెడ్ రోడ్డును కూల్చి, 2003 నుంచి 2005 మధ్య 5.8 కిలోమీటర్ల వాగును బయటికి తీశారు. కానీ అందులో నీళ్లు వాటంతట అవి పారవు. రోజుకు లక్షా 20 వేల టన్నుల నీటిని, చాలావరకు హాన్ నది నుంచి, పంపులతో ఎత్తిపోయాలి. ఆ కరెంటు బిల్లు ఏ ఏడాదీ ఆగదు. అంత పెద్ద నగరం భరించగలిగింది. చిన్న నగరం అదే బొమ్మ చూసి అదే కట్టుకుంటే ఐదో ఏడు పంపులు ఆపేస్తుంది, నీరు నిలిచి దోమలు పెరుగుతాయి.

అందుకే ఏటిగట్టు గారూ, నా సలహా ఒక్కటే. కట్టే ఖర్చు చూసి ఓటెయ్యకండి. 20 ఏళ్ల నిర్వహణ ఖర్చు ఏ పద్దులోంచి వస్తుందో సంతకంతో చూపించమనండి. ఇందాక లెక్కచూద్దాం గారు చెప్పిన లండన్ వంతెన సరిగ్గా ఆ సంతకం దగ్గరే ఆగింది. ఆలస్యంగానైనా ఆ ప్రశ్న అడిగినందుకు ఆ మేయర్‌ను మెచ్చుకోవాలి. అదే మొదటి రోజున అడిగి ఉంటే 4.3 కోట్లు మిగిలేవి.

దివిటీ

ఆ "ఖాళీ స్థలం" అనే మాట దగ్గర నేను ఆగిపోయాను. నగరం మధ్యలో నది ఒడ్డు నిజంగా ఖాళీగా ఉండటం అరుదు. ఎవరో ఒకరు అక్కడ బట్టలు ఉతుకుతుంటారు, చేపలు పడుతుంటారు, కూరగాయలు పండిస్తుంటారు, గుడిసె వేసుకుని ఉంటారు.

అమెరికాలో సెయింట్ లూయిస్ నగరం 1935లో మిసిసిపీ ఒడ్డున జాతీయ స్మారకం కోసం 75 లక్షల డాలర్ల బాండ్లకు ఓటింగ్ పెట్టి నెగ్గించుకుంది. ఆ ఓటింగ్‌లో అక్రమాలు జరిగాయని తర్వాత బయటపడింది. ఒడ్డున దాదాపు 40 బ్లాకుల పాత కట్టడాలు, వాటిలోని వ్యాపారాలతో సహా, నేలమట్టం చేశారు. ఆ తర్వాత యుద్ధం వచ్చింది, నిధులు ఆగాయి. ఆ నేల ఏళ్ల తరబడి కార్ల పార్కింగ్‌గా ఉండిపోయింది. ఆ స్మారకంగా కట్టిన గేట్‌వే ఆర్చ్ పూర్తయింది 1965లో. ఇవాళ ఆ ఆర్చ్ అందాన్ని ఎవరూ కాదనలేరు. కానీ షాపు పోగొట్టుకున్నవాడికి ఆ పాతికేళ్లు ఎవరు తిరిగిస్తారు?

మన దేశంలోనే సబర్మతి రివర్‌ఫ్రంట్ ఉంది. 1997లో దానికోసం ప్రత్యేక సంస్థ పెట్టారు, 2012 నాటికి నడక దారులు జనానికి తెరిచారు. చూడటానికి విశాలంగా, శుభ్రంగా ఉంది, అది ఒప్పుకుంటాను. నదిలో నిలిచేది మాత్రం నర్మద కాలువ నుంచి వచ్చిన నీరు, వాసణా బ్యారేజీ దాన్ని ఆపి ఉంచుతుంది. బ్యారేజీ దాటాక దిగువన మురుగు, ఫ్యాక్టరీల వ్యర్థాలు. 2021లో గుజరాత్ హైకోర్టు ఆ కాలుష్యాన్ని తనంతట తానే విచారణకు తీసుకుంది. ఒడ్డున ఉన్న పది వేలకు పైగా కుటుంబాలను వేరే చోట్లకు తరలించారు, అది కూడా కోర్టుల దాకా వెళ్లాకే. చాలామందికి పని ఒక చోట, ఇల్లు ఇంకో చోట అయిపోయింది.

ఎంతమందిని లేపాలి, వాళ్లకు ఇల్లు ఎక్కడ, పని ఎక్కడ అనేది ప్రాజెక్టు ఖర్చులోనే రాయాలి. అవి రాయకపోతే ఆ ఖర్చు పేదవాళ్ల నెత్తిన పడిందని అర్థం.

నడకదారి

దివిటీ గారూ, మీ మాట నేను తోసేయలేను. నేను ఆ వైపు ఆలోచించకుండానే రాశాను.

కానీ కట్టినవి మంచిగా నిలిచాయి కదా అనే నా వాదన మాత్రం వదలను. హాంబర్గ్‌లో ఎల్బే నది ఒడ్డున పాత గోదాము మీద కట్టిన సంగీత మందిరం, ఎల్బ్‌ఫిల్‌హార్మనీ, మొత్తం నగరానికే గుర్తుగా మారింది.

లెక్కచూద్దాం

అది మీరే తెచ్చారు కాబట్టి చెబుతున్నాను. నగరం పెట్టాల్సింది 7.7 కోట్ల యూరోలు అని మొదలెట్టారు. చివరికి నగరం పెట్టింది 78.9 కోట్లు. పదింతలు. 2010కి అయిపోవాల్సింది 2017 జనవరిలో తెరిచారు. మందిరం అద్భుతంగా ఉందని వెళ్లినవాళ్లందరూ అంటారు. కానీ 7.7 కోట్లు అని చెప్పి అనుమతి తీసుకున్నారు కదా. 78.9 కోట్లు అని ముందే చెప్పి ఉంటే నగర సభ ఒప్పుకునేదా? ఆ ప్రశ్నకు జవాబు చెప్పే అవకాశమే ప్రజలకు దక్కలేదు. నాకు కోపం అక్కడ.

సిడ్నీ ఒపేరా హౌస్ కూడా అంతే. 70 లక్షల డాలర్ల అంచనా, 10 కోట్ల 20 లక్షల ఖర్చు, పదేళ్ల ఆలస్యం. అది నది మీద కాదు, హార్బర్ మీద అనుకోండి. అయినా రోగం ఒకటే. ఎంతమంది వస్తారో ఊహించడంలోనూ ఇదే వరస. థేమ్స్ ఒడ్డునే మిలీనియం డోమ్ అనే ప్రదర్శనశాలకు 2000 సంవత్సరంలో కోటీ 20 లక్షల మంది వస్తారని లెక్కలు కట్టారు. వచ్చింది సుమారు 65 లక్షలు.

నీలిరేఖ

ఇక్కడ ఒక మందు ఉంది. పెద్ద ప్రాజెక్టుల ఖర్చుల మీద బెంట్ ఫ్లూబియర్ అనే పరిశోధకుడు చాలా ఏళ్లు పనిచేశారు. ఆయన చెప్పేది సులువే. మీ ప్రాజెక్టు ఎంత ప్రత్యేకమైనదో చెప్పుకోవడం ఆపండి. అలాంటివి ఇంతకుముందు కట్టినవాటికి అంచనా ఎంత, అసలు ఎంత అయిందో ఒక పట్టిక వేయండి. మీదీ ఆ వరసలోనే ఉంటుందనుకుని అంచనా కట్టండి. బ్రిటన్ ఆర్థిక శాఖ ఈ ఆశావాదపు పొరపాటును ముందే లెక్కలో కలపమని మార్గదర్శకాల్లో రాసింది కూడా. రిపోర్టు తెచ్చిన కన్సల్టెంటును ఆ పట్టిక అడగండి.

ఏటిగట్టు

ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు, అందరికీ ధన్యవాదాలు. చదువుతుంటే నాకు రెండు వేరు పనులు ఒకే ప్యాకెట్‌లో కట్టి ఇస్తున్నారని అనిపిస్తోంది. ఒకటి ఒడ్డు: కరకట్ట, మురుగు మళ్లించడం, నడక దారి, చెట్లు, లైట్లు. రెండోది టికెట్ కొని ఎక్కే వస్తువు. మొదటిది అందరిదీ, రెండోది కొన్నవాళ్లది. రెండింటికీ కలిపి ఒకే నిధి ఎందుకు?

పాత ఇంజినీరు

సరిగ్గా పట్టుకున్నారు. స్పెయిన్‌లోని బిల్బావో నగరం గురించి అందరూ 1997లో తెరిచిన గుగెన్‌హైమ్ మ్యూజియం వల్లే నగరం మారిపోయింది అంటారు. ఆ మ్యూజియానికి ముందు నుంచే ఏళ్ల తరబడి నెర్వియోన్ నదిలోకి పోయే మురుగును శుద్ధి చేసే పనులు నడిచాయి. మ్యూజియానికి పెట్టినదానికంటే వాటికి పెట్టింది చాలా ఎక్కువ. నగరం మధ్యలోని రేవును సముద్రం వైపుకు తరలించారు. 1995లో మెట్రో వచ్చింది. కంపు కొట్టే నది పక్కన అదే మ్యూజియం కట్టి ఉంటే ఎవరు వచ్చేవాళ్లు? ఆ కథ చూసి జనం మ్యూజియం మీది టైటానియం రేకులు మాత్రం నేర్చుకున్నారు, మురుగు పైపులు మరిచిపోయారు.

ఉషోదయం

మరి టికెట్ వస్తువు పూర్తిగా ప్రైవేటు డబ్బుతో జరుగుతుందా? కంపెనీలు రావు అంటారు కదా.

నీలిరేఖ

జరిగినవి ఉన్నాయండి. 2000లో తెరిచిన లండన్ ఐ అనే జెయింట్ వీల్ ప్రైవేటు పెట్టుబడితోనే వచ్చింది, బ్రిటిష్ ఎయిర్‌వేస్ వెనక నిలబడింది. పైగా ప్లానింగ్ అనుమతితో పాటు కుదిరిన ఒప్పందం ప్రకారం దాని ఆదాయంలో ఒక శాతం చుట్టుపక్కల ఒడ్డు బాగోగులకు వెళ్తుంది. అంటే నగరం ఎదురు డబ్బు తీసుకుంది! న్యూయార్క్‌లో హడ్సన్ మీద 2021లో తెరిచిన లిటిల్ ఐలాండ్ పార్కుకు ఎక్కువ భాగం, దాదాపు 26 కోట్ల డాలర్లు, ఒక దాత కుటుంబానిది. నిర్వహణ కూడా 20 ఏళ్ల దాకా చూస్తామని వాళ్లే మాటిచ్చారు. దాతల మీద ఆధారపడటం అన్నిచోట్లా కుదరదు, అది వేరే సంగతి.

షికాగో ఇంకో దారి పట్టింది. రివర్‌వాక్ అనే నది ఒడ్డు నడక దారి కోసం ఫెడరల్ ప్రభుత్వం దగ్గర సుమారు 9.9 కోట్ల డాలర్లు గ్రాంటుగా కాకుండా అప్పుగా తీసుకుంది. ఒడ్డున షాపుల అద్దెలు, టూరు పడవల ఫీజులతో తీర్చాలి. అప్పు కాబట్టి ఆదాయం అంచనా రాసేటప్పుడు చెయ్యి కొంచెం వణుకుతుంది. అది మంచిదే.

కంపెనీ రాకపోతే అదే మీకు జవాబు. సొంత డబ్బు పెట్టడానికి భయపడే చోట మన డబ్బు పెట్టమంటున్నారంటే, ఆ సందర్శకుల అంకెను వాళ్లే నమ్మట్లేదని.

నడకదారి

ఆ చివరి మాటతో నేను పూర్తిగా ఒప్పుకోను. లైబ్రరీకి, పార్కుకు కూడా ఏ కంపెనీ రాదు. అలాగని అవి అక్కర్లేనివి కావు.

నీలిరేఖ

నిజమే. అయితే అవి లాభం చూపిస్తామని డబ్బు అడగవు. పార్కును పార్కుగానే అడిగితే నేనే ముందు చెయ్యెత్తుతాను.

దివిటీ

పన్ను ఎలా వేస్తారన్నది కూడా చూడండి. ఒహాయో నది ఒడ్డున సిన్సినాటిలో రెండు స్టేడియాల కోసం 1996లో అక్కడి కౌంటీ, అంటే జిల్లా లాంటి స్థానిక ప్రభుత్వం, అమ్మకపు పన్ను డాలరుకు అర సెంటు పెంచింది. దానికి బదులుగా ఇళ్ల మీద పన్ను తగ్గిస్తామని ఓటర్లకు మాటిచ్చారు. డబ్బు చాలకపోయేసరికి తర్వాత ఆ తగ్గింపుకే కోత పెట్టారు. అమ్మకపు పన్ను అంటే సబ్బు కొన్నవాళ్లూ కడతారు. టూరిస్టుల కోసం కట్టేదాన్ని హోటల్ గదుల పన్నుతోనో, ఒడ్డున ధర పెరిగే భూములున్నవాళ్ల దగ్గరో వసూలు చేస్తే కొంత న్యాయం.

లెక్కచూద్దాం

భూముల ధర పెరుగుదలను తాకట్టు పెట్టి ముందే బాండ్లు అమ్మేయడం దగ్గర మాత్రం జాగ్రత్త. ధర పెరగకపోతే ఆ బాండ్ల వడ్డీ మామూలు బడ్జెట్‌లోంచే పోతుంది, అంటే స్కూళ్ల రిపేర్ల డబ్బులోంచి. అదనపు ఖర్చు ఎవరిది అనే వాక్యం కాంట్రాక్టులో ఎక్కడుందో వెతకండి. "పరస్పర అంగీకారంతో" అని ఉంటే అది మనదే అని అర్థం.

మొదట్లోనే ఆపాలి అని రాశాను కదా, దాన్ని కాస్త మార్చుకుంటున్నాను. ఏటిగట్టు గారు విడదీసినట్టు ఒడ్డు వరకూ అయితే నా పన్ను తీసుకోండి. నిర్వహణ పద్దు చూపించాకే.

ఏటిగట్టు

ప్రజాభిప్రాయ సేకరణ కోసం ఒక పేజీ రాసుకుంటున్నాను. ఒడ్డు, టికెట్ వస్తువు రెండూ వేరు వేరు బిల్లులుగా తెమ్మని. 20 ఏళ్ల నిర్వహణ పద్దు. అలాంటి పాత ప్రాజెక్టుల అంచనా, అసలు ఖర్చు పట్టిక. సందర్శకుల మూడు అంకెలు. అక్కడ బతుకుతున్నవాళ్ల లెక్క. అంచనా దాటితే ఎవరు కడతారన్న వాక్యం. ఇంకేమైనా మరిచిపోయానా?

పాత ఇంజినీరు

ఒకటి. ప్రతి డ్రాయింగ్ మీదా ఇప్పటిదాకా వచ్చిన అతి పెద్ద వరద మట్టం ఎర్ర గీతగా గీసి తెమ్మనండి. కరెంటు ప్యానెల్ బోర్డులు ఆ గీతకు పైన ఉన్నాయో కింద ఉన్నాయో అదే రోజు కనిపిస్తుంది.